పాత జిప్సీ ఫ్లోర్, ఉప్పుగాలి: తుప్పు ఒకచోట, ఇనుము పోయేది ఇంకోచోట

వైజాగ్, భీమిలి, కాకినాడ వైపు సముద్రం పక్కన పాతికేళ్లు తిరిగిన మారుతి జిప్సీ జీపు ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే ఇంజిన్ సౌండ్ తర్వాత వినొచ్చు, ముందు ఫ్లోర్ మ్యాట్ ఎత్తండి. పెయింట్ అక్కడక్కడా చిన్న బుడగలు లేచి ఉంటుంది, అంతే, చూడ్డానికి పెద్దగా ఏమీ అనిపించదు. స్క్రూడ్రైవర్ పిడితో వరసగా కొట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పాడైన చోట మాత్రం దబ్ మని మొద్దుగా పలుకుతుంది, అక్కడ మొనతో గుచ్చితే నేరుగా కింద రోడ్డు కనపడుద్ది. జిప్సీ మన మార్కెట్లోకి వచ్చింది 1985 చివర్లో, ఇప్పుడు రోడ్డు మీద ఉన్న చాలా బండ్లకి ఈ వయసు వచ్చేసింది. ఇది ఆ బండి లోపం అని నేను అనను, నీళ్లు, ఉప్పు, రెండు రేకుల మధ్య సందు ఈ మూడూ కలిస్తే ఏ జీపుకైనా ఇదే గతి.

ఎందుకో తెలియాలంటే ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. ఇనప రేకు ముక్కని ఎమెరీ పేపర్‌తో తళతళలాడేలా రుద్ది, దాని మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి కాసేపు కదపకుండా వదిలేయండి. తుప్పు చుక్క మొత్తం సమానంగా రాదు, అంచుకి కొంచెం లోపలగా ఒక గోధుమరంగు ఉంగరంలా తేలుతుంది. కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఇవాన్స్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఈ చుక్కనే పట్టుకుని తుప్పు గుట్టు విప్పాడు. చుక్క అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గాల్లోని ఆక్సిజన్ అక్కడికి సులువుగా చేరుతుంది, మధ్యలో నీళ్లు లోతు కాబట్టి ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ తక్కువున్న మధ్యభాగంలో ఇనుము ఎలక్ట్రాన్లు వదిలేసి నీళ్లలో కరిగిపోతుంది, ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే నడిచి అంచుకెళ్లి అక్కడ ఆక్సిజన్‌తో, నీటితో కలిసి క్షారాన్ని పుట్టిస్తాయి, అంటే చిన్న బ్యాటరీ నడుస్తున్నట్టే లెక్క. కరిగిన ఇనుమూ అంచు నుంచి వచ్చే క్షారమూ ఎక్కడ ఎదురుపడితే అక్కడ తుప్పు పేరుకుంటుంది. అంటే తుప్పు కనిపించే చోటు వేరు, లోహం పోయే చోటు వేరు. నాకైతే బండి రిపేర్‌లో దీన్ని మించిన పాఠం లేదు.

ఇప్పుడు చుక్క బదులు ఫ్లోర్ మీద చెమ్మ పట్టిన మ్యాట్‌ని, చక్రం పైన పేరుకున్న బురదని, స్పాట్ వెల్డింగ్ చేసిన, అంటే అక్కడక్కడా చుక్కల్లా అతికించిన రెండు రేకుల మధ్య సందుని ఊహించుకోండి. ఆక్సిజన్ సరిగ్గా చేరని ఆ మూలల్లోనే లోహం ముందు పోతుంది. ఉప్పు ఉంటే నీటిలో కరెంట్ ఇంకా తేలిగ్గా నడుస్తుంది కాబట్టి పని వేగం పెరుగుతుంది. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకి పైగా చోటు తీసుకుంటుంది, అందుకే జాయింట్ దగ్గర రేకులు విడిపోయి ఉబ్బుతాయి, ఉబ్బితే సందు పెరిగి ఇంకా నీళ్లు దూరతాయి.

అందుకే పైపైన గోకి లప్పం (పుట్టీ) పెట్టి రంగేయడం అంటే నాకు నిజంగా బాధ. లప్పం నీటిని ఆపలేదు, మెల్లగా పీల్చుకుంటుంది, వెనకవైపు జరిగేది ఆగదు, కస్టమర్‌కి మాత్రం ఏడాది పాటు బాగున్నట్టు కనిపిస్తుంది.

సరైన పని అంటే మంచి లోహం వచ్చేదాకా కోసేయడమే. తుప్పు మీద వెల్డింగ్ నిలవదు, అందులో పట్టి ఉన్న తేమ వేడికి ఆవిరై వెల్డ్‌లో బుడగలు వదులుతుంది, పైగా తిని పల్చబడిన రేకు మీద ఆర్క్ తగిలితే చిల్లు పెద్దదవుతుంది. ప్యాచ్‌కి 20 గేజ్ రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, సరిపోతుంది. దాని మీద మామూలు రాడ్ వెల్డింగ్ చేస్తే చాలామంది చేతుల్లో రేకు కరిగి కారిపోతుంది, సన్న తీగతో నడిచే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) వెల్డింగ్ మిషనే నయం. వీలైనంతవరకు అంచుకి అంచు కలిపి అతికించమంటాను, ఒక రేకు మీద ఇంకోటి ఎక్కిస్తే మళ్లీ మనమే ఒక సందు కడుతున్నాం కదా.

ఇక వేడి సంగతి. ఇనుము మీటరుకి, ఒక్కో డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది, 30 సెంటీమీటర్ల అంచు 500 డిగ్రీలు వేడెక్కితే 1.8 మిల్లీమీటర్లు పెరగాలి. చుట్టూ ఉన్న చల్లని రేకు పెరగనివ్వదు, వేడిగా మెత్తబడిన లోహం నలిగి దళసరి అవుతుంది, చల్లారాక మొదటికంటే కురచై చుట్టుపక్కల రేకుని లాగేస్తుంది, అప్పుడు ఫ్లోర్ వేలితో నొక్కితే టక్కు టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. దీనికి మందు ఓపిక ఒక్కటే. ఇక్కడో టాకా (చిన్న వెల్డింగ్ చుక్క), నాలుగైదు అంగుళాల అవతల ఇంకో టాకా, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో మరోటి, అలా నింపుకుంటూ రావాలి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి, లేకపోతే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి. జింక్ పూత ఉన్న రేకు అయితే పూత గ్రైండ్ చేసేయాలి, ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింక్ 907కే మరిగిపోతుంది కాబట్టి తెల్లపొగ ముందే లేస్తుంది, అది పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరమే. ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) మాత్రం ఈ పల్చటి రేకు ప్యాచ్‌లు పనికిరావు, బరువు మోసే భాగం కాబట్టి అనుభవం ఉన్న మేస్త్రీయే ముట్టుకోవాలి.

వెల్డింగ్ అయ్యాక అందరూ పైభాగం గ్రైండ్ చేసి ప్రైమర్ కొట్టి మురిసిపోతారు, వెనకవైపు పెయింట్ కాలిపోయి ఉత్త ఇనుము బయటపడి ఉందన్నది గుర్తుండదు, మళ్లీ తుప్పు మొదలయ్యేది అక్కడే. చెయ్యి దూరే చోట వైర్ బ్రష్‌తో తోమి, ప్రైమర్, సీలెంట్, పెయింట్ వేయండి, దూరని బాక్స్ లాంటి చోట పొడవాటి నాజిల్‌తో వ్యాక్స్ కొట్టించండి, మర్నాడు ఇంకో కోటు కూడా. వ్యాక్స్ ఆరాక అడుగునున్న నీళ్లుపోయే చిల్లులు మూసుకుపోయాయేమో సన్నటి తీగతో పొడిచి చూడండి.