రక్త క్యాన్సర్ వంశపారంపర్యమా? అపోహలు - వాస్తవాలు

అపోహ: తండ్రికి లుకేమియా వస్తే పిల్లలకూ వస్తుంది.

చాలావరకు రాదు. ఎక్కువ రక్త క్యాన్సర్లు పుట్టిన తర్వాత మూలుగలోని కణాల్లో తలెత్తే జన్యు లోపాల వల్ల వచ్చేవే. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో కనిపించే అసాధారణ క్రోమోజోమ్, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్, పిల్లలకు సంక్రమించదు.

అపోహ: మా వంశంలో క్యాన్సర్ ఎవరికీ లేదు, కాబట్టి ఆ అనుమానమే అక్కర్లేదు.

రక్త వ్యాధుల వైద్యులకు ఇది నిత్యం వినిపించే మాటే. రక్త క్యాన్సర్ ముప్పు పెంచే డీడీఎక్స్41 జన్యువులో పుట్టుకతో మార్పు ఉన్నా చాలామందికి జబ్బే రాదు. వస్తే సాధారణంగా అరవై దాటాకే. అందుకే ఆ కుటుంబాల్లో ముందు తరం చరిత్ర తరచుగా ఖాళీగా కనిపిస్తుంది. నా దృష్టిలో క్యాన్సర్ గురించి మాత్రమే అడిగి ఊరుకోవడం సగం పనే. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగలేదా? చిన్నప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు తక్కువా? అలాగైతే రన్‌ఎక్స్1 జన్యువు వైపు చూడాలి. ఒంటి మీద మొండి పులిపిర్లు, కాలి వాపు, పదేపదే ఇన్ఫెక్షన్లు ఉంటే గాటా2 జన్యువు. చిన్న వయసులోనే నెరిసిన జుట్టు, గట్టిపడిన ఊపిరితిత్తులు ఒకే ఇంట్లో కనిపిస్తే టెలోమియర్ల (క్రోమోజోమ్‌ల కొసలను కాపాడే భాగాల) లోపం.

అపోహ: వంశపారంపర్యమో కాదో రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

జబ్బుతో ఉన్న రక్తంలో క్యాన్సర్ కణాల మార్పులూ కలిసి ఉంటాయి. దొరికిన మార్పు పుట్టుకతో వచ్చిందో, తర్వాత వచ్చిందో దానితో చెప్పలేం. లాలాజలంలోనూ తెల్ల రక్తకణాలు ఉంటాయి కాబట్టి అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. మూలకణ మార్పిడి (దాత మూలుగ కణాలు ఎక్కించే చికిత్స) జరిగినవారి రక్తంలోనైతే కనిపించేది దాత డీఎన్‌ఏ! అందుకే చర్మం నుంచి చిన్న ముక్క తీసి, దానిలోని కణాలను ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి పరీక్షిస్తారు. ఆలస్యమవుతుంది, నిజమే.

అపోహ: తమ్ముడి మూలకణాలు సరిపోయాయి, ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

నేను పట్టుబట్టేది ఇక్కడే. ఇలాంటి మార్పుల్లో చాలావాటికి తోబుట్టువులో కూడా అదే ఉండే అవకాశం సుమారు 50 శాతం. ఆ కణాలనే ఎక్కిస్తే కొత్త మూలుగ సరిగా పని చేయకపోవచ్చు, దాత కణాల నుంచే మళ్లీ లుకేమియా పుట్టవచ్చు. అనుమానం ఉంటే దానానికి ముందే తమ్ముడికి పరీక్ష చేయాలి. అయితే ఫలితం ఆయన జీవితానికీ సంబంధించినది. ముందు కౌన్సెలింగ్, ఆయన సమ్మతి, ఆ తర్వాతే పరీక్ష.

అపోహ: మార్పు ఉందంటే క్యాన్సర్ ఖాయం.

కాదు. జన్యువును బట్టి ముప్పు మారుతుంది. ముందుగా మూలుగ పరీక్ష, తర్వాత క్రమం తప్పకుండా రక్తకణాల లెక్క చూసుకోవడం సాధారణ పద్ధతి. పాత రిపోర్టులు మాత్రం పారేయకండి. ప్లేట్‌లెట్లు పదేళ్లుగా లక్ష దగ్గరే నిలకడగా ఉంటే ఎదురు చూడవచ్చు. ఆరు నెలల్లో లక్షన్నర నుంచి లక్షకు పడితే మళ్లీ మూలుగ పరీక్ష గురించి వెంటనే ఆలోచించాలి.