ఇంటి గుట్టు, రిజిస్ట్రార్ బీరువా

నానమ్మ చనిపోతుంది. ఇల్లు అమ్మేద్దామని సామాను సర్దుతుంటే అటక మీద ఒక పెట్టె కనిపిస్తుంది. అందులో పాత ఫొటో, ఉత్తరాల కట్ట, ఎవరిదో తెలియని ఒక బర్త్ సర్టిఫికెట్. ఏళ్ల తరబడి మాటల్లేని అక్కాచెల్లెళ్లు ఆ పెట్టె పుణ్యమా అని మళ్లీ ఒకరికొకరు ఎదురుపడతారు. ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకి ఈ కథ కొట్టిన పిండి. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా నుంచి ఇలాంటివి ఏటా వస్తూనే ఉంటాయి. ఒకటే ఫార్ములా, పేర్లు మారుస్తారంతే అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ ఫార్ములా పుట్టింది ఎక్కడని వెతుకుతూ వెళ్తే చట్టాల పుస్తకాల దగ్గర తేలతాం. ఇంగ్లండ్‌లో ఇంటి గుట్టును కొన్ని వందల ఏళ్లపాటు తయారుచేసిచ్చింది చట్టమే. నవలాకారులు దాన్ని వాడుకున్నారు.

మొదలు 1236లో ఉంది. మెర్టన్ అనే చోట మూడో హెన్రీ రాజు సభలో ఒక ప్రశ్న వచ్చింది. పెళ్లికి ముందు బిడ్డ పుట్టింది, తర్వాత ఆ తల్లిదండ్రులే పెళ్లి చేసుకున్నారు. అప్పుడు ఆ బిడ్డకు వారసత్వం ఉంటుందా? ఉంటుంది అన్నారు మతాధికారులు. ఇంగ్లండ్ చట్టాన్ని మార్చే ప్రసక్తే లేదన్నారు ప్రభువులు. ప్రభువుల మాటే నెగ్గింది. 1926 దాకా అదే చట్టం. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో మాత్రం తర్వాత చేసుకున్న పెళ్లి కూడా బిడ్డకు హక్కు తెచ్చిపెట్టేది.

ఈ చట్టం ఒక ఇంట్లోకి దిగితే ఏమవుతుందో విల్కీ కాలిన్స్ 1862లో సీరియల్‌గా మొదలుపెట్టిన 'నో నేమ్' నవలలో చూపించారు. ఈ తరహా నవలల్లో నా దృష్టిలో ఇప్పటికీ దీన్ని మించింది లేదు. నోరా, మాగ్డలెన్ అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు. కలిగిన కుటుంబం, ప్రేమగా చూసుకునే తల్లిదండ్రులు. తండ్రికి చిన్న వయసులోనే ఒక పెళ్లయిందనీ, ఆ భార్య దూరంగా ఎక్కడో బతికే ఉందనీ, తమ తల్లికి ఆయనతో పెళ్లే కాలేదనీ కూతుళ్లకు తెలియదు. ఆ మొదటి భార్య చనిపోయిన కబురు రాగానే వీళ్లు గుట్టుచప్పుడు కాకుండా పెళ్లి చేసుకుంటారు. ఇక అంతా సర్దుకుంది అనుకుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

1837 నాటి వీలునామాల చట్టం ప్రకారం పెళ్లయితే అంతకు ముందు రాసిన వీలునామా చెల్లదు. తండ్రి కూతుళ్ల పేర ఆస్తి రాసింది ఆ పెళ్లికి ముందు. కొత్తది రాసేలోపే రైలు ప్రమాదంలో పోతాడు. కొద్ది రోజులకే తల్లి కూడా పోతుంది. మెర్టన్ చట్టం వల్ల కూతుళ్లు వారసులు కారు. తండ్రికి ఏనాటి నుంచో పడని అన్నకు ఆస్తంతా వెళ్లిపోతుంది. కూతుళ్ల మేలు కోసం చేసుకున్న పెళ్లే వాళ్లను రోడ్డున పడేసింది. అక్క నోరా తలొంచుకుని పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగంలో చేరుతుంది. చెల్లెలు మాగ్డలెన్ పోయిన ఆస్తిని ఎలాగైనా రాబట్టాలని ఇల్లు వదిలేస్తుంది, మారుపేరుతో ఆ పెదనాన్న కొడుకునే పెళ్లాడేదాకా వెళ్తుంది. ఇద్దరి మధ్య దూరానికి కారణం అసూయా కాదు, ప్రేమ వ్యవహారమూ కాదు. ఒకే అన్యాయానికి ఒకరు సర్దుకున్నారు, ఇంకొకరు సర్దుకోలేదు. తర్వాత వచ్చిన నవలలు చాలావరకు ఈ పాయింటును వదిలేసి, ఒకే మగాడి కోసం అక్కాచెల్లెళ్లు విడిపోవడం దగ్గర ఆగిపోయాయి.

కాలిన్స్‌కు ఈ సంగతి పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. ఆయన జీవితంలో పెళ్లి చేసుకోలేదు. కరొలైన్ గ్రేవ్స్‌తో ఒక ఇల్లు, మార్తా రడ్‌తో ఇంకో ఇల్లు. రెండో ఇంట్లో ఆయన పేరు విలియం డాసన్. అక్కడ ముగ్గురు పిల్లలు. అదే కాలంలో ఇలాంటి నవలలతోనే పేరు తెచ్చుకున్న మేరీ ఎలిజబెత్ బ్రాడన్, అప్పటికే పెళ్లయిన ప్రచురణకర్త జాన్ మాక్స్‌వెల్‌తో కలిసి ఉండేవారు. ఆయన మొదటి భార్య పోయాక 1874లో పెళ్లి చేసుకున్నారు. ఊరందరికీ నీతులు చెప్పే ఆ విక్టోరియా కాలంలో నవలలు రాసేవాళ్ల ఇళ్లలోనే నవలకు సరిపడా సరుకు ఉంది.

అది అచ్చవడానికి పరిస్థితులు కూడా కలిసొచ్చాయి. 1857 చట్టంతో లండన్‌లో విడాకుల కోర్టు ఏర్పడి, మరుసటి ఏడాది పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడి వాదనలు పత్రికల్లో వరుసగా వచ్చేవి. పెద్దింటి పడకగదుల ముచ్చట్లు పొద్దున్నే కాఫీతో పాటు చదువుకునే రోజులవి. ఇంకోపక్క పుస్తకాల ధరలు. మూడు సంపుటాల నవల 31 షిల్లింగుల 6 పెన్సు. మామూలు ఇంటివాళ్లు కొనే మాటే లేదు. మ్యూడీ లైబ్రరీలో ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒక్కోసారి ఒక్కో సంపుటం ఇంటికి తెచ్చుకోవచ్చు. మొదటి సంపుటం చివర ఏదో ఒక గుట్టు సగం బయటపడి ఆగిపోవాలి, లేకపోతే రెండోదాని కోసం పాఠకులు రారు. ఇప్పటి టీవీ సీరియల్ శుక్రవారం ఎపిసోడ్ టెన్షన్‌కు మూలపురుషులు వీళ్లే.

అక్కాచెల్లెళ్ల విషయంలో ఇంగ్లండ్‌కు ఇంకో ప్రత్యేకమైన పేచీ ఉండేది. మనవాళ్లకు నమ్మడం కష్టం. భార్య పోతే ఆమె చెల్లెల్ని చేసుకోవడం మనవైపు మామూలే, చాలాసార్లు పెద్దవాళ్లే ముందుండి జరిపిస్తారు, పసిపిల్లలకు పిన్నే తల్లవుతుందని. ఇంగ్లండ్‌లో 1835 చట్టం ప్రకారం అలాంటి పెళ్లి అసలు చెల్లదు. భార్యాభర్తలు ఒకే శరీరం కాబట్టి మరదలు సొంత చెల్లెలితో సమానం అన్నది చర్చి లెక్క. తమాషా ఏమిటంటే ఆ చట్టం తెచ్చింది అప్పటికే జరిగిపోయిన అలాంటి పెళ్లిళ్లకు రక్షణ ఇవ్వడానికి. బోఫోర్ట్ డ్యూక్ పెళ్లికి చిక్కు రాకూడదని ఆ తేదీ దాకా జరిగినవన్నీ చెల్లుతాయన్నారు, ఆ తర్వాత జరిగేవి ఏవీ చెల్లవన్నారు.

చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ భార్య ఫ్యానీ 1866లో బిడ్డను కన్న కొద్ది వారాలకే ఇటలీలో చనిపోయింది. ఆమె చెల్లెలు ఈడిత్, హంట్ ఇష్టపడ్డారు. ఇంగ్లండ్‌లో కుదరదు కాబట్టి 1875లో స్విట్జర్లండ్ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఇంట్లోవాళ్లు భగ్గుమన్నారు. ఇంకో అక్క ఆలిస్ భర్త, శిల్పి థామస్ వూల్నర్, హంట్‌కు పాత స్నేహితుడు. ఆ స్నేహం అక్కడితో తెగిపోయింది. ఈ చట్టాన్ని మార్చాలని పార్లమెంటులో దాదాపు ఏటా బిల్లు పెట్టడం, అది వీగిపోవడం ఎంత మామూలైపోయిందంటే 1882 నాటి ఒక హాస్య సంగీత నాటకంలో దాని మీద జోకు కూడా వేశారు. చివరికి 1907లో మారింది. 72 ఏళ్లపాటు ఎన్ని ఇళ్లలో పిన్ని బావగారింట్లో పిల్లల్ని పెంచుతూ, ఇరుగుపొరుగు గుసగుసల మధ్య ఏ పేరూ లేని సంబంధంలో ఉండిపోయిందో ఊహించుకోవచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో గుట్టు పెద్దిళ్ల నుంచి కార్మికవాడలకు దిగింది. కాథరిన్ కుక్సన్ 1906లో ఇంగ్లండ్ ఈశాన్యంలోని టైన్ డాక్‌లో పుట్టారు. అమ్మమ్మనే అమ్మ అనుకుంటూ, కన్నతల్లి కేట్‌ను అక్క అనుకుంటూ పెరిగారు. పెళ్లి కాని కూతురికి బిడ్డ పుడితే ఆ బిడ్డను కూతురికి చెల్లెలిగా చలామణి చేయడం ఆ వాడల్లో అరుదేమీ కాదు. కుక్సన్ తర్వాత రాసిన నవలలు పది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. బ్రిటన్ ప్రజా గ్రంథాలయాల్లో ఏళ్ల తరబడి ఎక్కువమంది తీసుకెళ్లిన పుస్తకాలు ఆమెవే. సాహిత్య విమర్శకులు ఆమెను పెద్దగా పట్టించుకోలేదు. లైబ్రరీ వరుసలో నిలబడ్డవాళ్లలో తమ ఇంటి సంగతి అందులో చూసుకున్నవాళ్లు తక్కువేమీ ఉండరు.

పోయిన ప్రేమ అనేది కూడా ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఏడు లక్షల మందికి పైగా మగవాళ్లను పోగొట్టుకుంది. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మగవాళ్లకన్నా ఆడవాళ్లు 17 లక్షల మందికి పైగా ఎక్కువ తేలారు. 'మిగిలిపోయిన ఆడవాళ్లు' అని పత్రికలు రాశాయి. అటక మీద ఉత్తరాలు దాచుకున్న అత్తలు, పెద్దమ్మలు చాలామంది ఆ తరంవాళ్లే.

దత్తత చట్టం 1926లో వచ్చింది, 1927 జనవరి 1 నుంచి అమలైంది. దాంతోనే బీరువాకు తాళం పడింది. పుట్టిన నమోదుకూ దత్తత నమోదుకూ ఉన్న లంకె, జనన మరణాల నమోదు చూసే రిజిస్ట్రార్ జనరల్ దగ్గరే ఉండిపోయేది. 1947లో తల్లిదండ్రుల పేర్లు లేని పొట్టి బర్త్ సర్టిఫికెట్ తెచ్చారు, స్కూల్లోనో ఉద్యోగంలోనో పిల్లలకు అవమానం జరగకూడదని. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లోవాళ్లు నిజం చెప్పకుండా దాటేయడానికి అంతకన్నా సులువైన కాగితం ఇంకోటి లేదు. స్కాట్లండ్‌లో 1930 నుంచే దత్తత వెళ్లినవాళ్లు 17 ఏళ్లు నిండాక తమ అసలు నమోదు చూసుకోగలిగేవారు. ఇంగ్లండ్‌లో ఆ హక్కు 1975 చట్టంతో గానీ రాలేదు. కూతురో కొడుకో నలభై ఏళ్ల తర్వాత గుమ్మంలో ప్రత్యక్షమయ్యే కథలకు దారి వేసింది ఈ చట్టమే.

ఐర్లండ్ సంగతి మరీ ఘోరం. అక్కడ దత్తత చట్టం 1952లో వచ్చింది. పెళ్లి కాని తల్లుల కోసం నడిపిన ఆశ్రమాల మీద విచారణ కమిషన్ 2021 జనవరిలో నివేదిక ఇచ్చింది. 18 సంస్థల్లో సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు. ఆ పిల్లల్లో దాదాపు 9,000 మంది చనిపోయారు. దత్తత వెళ్లినవాళ్లకు తమ పుట్టుక కాగితాలు పూర్తిగా చూసుకునే హక్కు 2022 అక్టోబర్‌లో గానీ దక్కలేదు. ఐరిష్ నవలల్లో ఇంట్లోంచి మాయమైన అక్క కనిపిస్తే అది కల్పన కాకపోవచ్చు.

ఇప్పుడు ఒక డీఎన్ఏ టెస్టు చాలు. గొట్టంలో కాస్త ఉమ్మి పంపితే కొన్ని వారాల్లో ఎక్కడో ఉన్న సవతి అక్క పేరు మెయిల్లో వచ్చేస్తుంది. 400 పేజీలు దాచాల్సిన సంగతి నాలుగో పేజీకే బయటపడితే రచయిత ఏం చేయాలి? అందుకే ఈ నవలలు ఎక్కువగా రెండు కాలాల్లో నడుస్తాయి. వెతికే మనిషి ఇప్పుడు, దాచిన మనిషి 1930లలోనో 40లలోనో. ఆ దశాబ్దాలనే ఎంచుకోవడంలో యుద్ధంతో పాటు ఇంకో సౌకర్యం కూడా ఉంది, రచయితలకు తెలిసినా తెలియకపోయినా. ఇంగ్లండ్, వేల్స్‌ల జనాభా లెక్కల్లో మనుషుల వివరాలు వందేళ్ల దాకా బయటపెట్టరు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. 1931 నాటి పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. మధ్యలో ఆధారం అనుకుంటే 1939లో రేషన్, గుర్తింపు కార్డుల కోసం ఇంటింటికీ తిరిగి రాసిన రిజిస్టరు ఒక్కటే, అందులోనూ ఇంకా బతికి ఉండే వీలున్నవాళ్ల వరుసలు మూసే ఉంచారు. ఆ తర్వాతి ఇంటింటి లెక్క 1951 నాటిది, అది 2052లో గానీ బయటికి రాదు.