వైడాల్ రిపోర్టులో ‘హెచ్’ అంటే ఏమిటి? కొన్ని అపోహలు - వాస్తవాలు

జ్వరం వచ్చిన మూడో రోజుకే వైడాల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టుకుని "టైఫాయిడ్ అని తేలిందండీ" అనేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ కాగితం మీద టీఓ, టీహెచ్, ఏహెచ్, బీహెచ్ అని ఉంటాయి. టీ అంటే టైఫాయిడ్ క్రిమి, ఏ, బీ అంటే దాని దగ్గరి చుట్టాలైన పారాటైఫాయిడ్ క్రిములు. ఓ అంటే బ్యాక్టీరియా ఒంటి పైభాగానికి సంబంధించినది. వీటిలో హెచ్ ఉన్నవన్నీ బ్యాక్టీరియా ఈదడానికి వాడే సన్నటి తోకలకు సంబంధించినవి. ల్యాబులో ఫ్లాజెల్లా అంటాం, పాఠ్యపుస్తకాల్లో కశాభాలు.

అపోహ: టీహెచ్ 1:160 వచ్చిందంటే టైఫాయిడ్ ఉన్నట్టే.

ఆ అంకె మీ ఒంట్లో ఉన్న క్రిముల లెక్క కాదు. ఆ తోకల మీద మీ శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు సీరంను (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని) ఎంత పలుచన చేసేదాకా పనిచేశాయో చెబుతుంది, అంతే. యాంటీబాడీలు ఉంటే టెస్టులో కలిపిన క్రిములు గడ్డకడతాయి. ట్యూబు పద్ధతిలో చేస్తే హెచ్ గడ్డలు దూదిపింజల్లా వదులుగా కనిపిస్తాయి, కాస్త కదిపితే విడిపోతాయి. ఓ అయితే అడుగున గరుకుగా పరుచుకుంటుంది. స్లైడు మీద నిమిషంలో తేల్చేసే పద్ధతిలో ఇంత స్పష్టత రాదు.

అసలు చిక్కు వేరే ఉంది. హెచ్ యాంటీబాడీలు జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటాయి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ ఇప్పటి డెంగీ జ్వరంలో రిపోర్టుకెక్కవచ్చు. టైఫాయిడ్ క్రిమిది సాల్మొనెల్లా జాతి, అందులో వేరే రకాలకూ ఇదే తరహా తోక ఉంటుంది. అటుచూస్తే, నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగటివ్ రావచ్చు, యాంటీబాడీలు తయారవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది మరి.

వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసినప్పుడు 1:80 ఉన్నది 1:320 అయితే, అంటే నాలుగు రెట్లు పెరిగితే, దానికి విలువ ఉంది. కానీ జ్వరం తగ్గాక మళ్లీ వచ్చి రక్తమిచ్చేదెవరు? నన్నడిగితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకి) ఇవ్వడం మేలు. అదీ అన్ని కేసుల్నీ పట్టుకోదు. పట్టుకుంటే మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది.

అపోహ: టీకా వేయించాం కాబట్టే హెచ్ పెరిగింది.

చంపిన బ్యాక్టీరియాను మొత్తంగా ఎక్కించే పాత టీకాల విషయంలో ఇది నిజమే. ఇప్పుడు పిల్లలకు వేసే కాంజుగేట్ టీకాలో (హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీ అలాంటిదే) ఉండేది విఐ అనే పైపొర చక్కెర పదార్థం. అందులో తోక ఉండదు.

అపోహ: మైక్రోస్కోపులో చూస్తే తోకలు కనిపిస్తాయి.

వాటి మందం సుమారు 20 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపుకి అందవు. మందంగా పూత పట్టించే ప్రత్యేకమైన రంగులు వేయాలి, లేదంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. రోజువారీ పనిలో మేం చూసేది తోకను కాదు, ఈతను. కవర్‌స్లిప్ అంచులకు వాజిలిన్ రాసి, మధ్యలో చుక్క పెట్టి, గుంట స్లైడు మీద బోర్లా వేలాడదీస్తాం. వెలుతురు తగ్గించి చుక్క అంచు దగ్గర ఫోకస్ చేస్తాం. ఉన్నచోటే వణుకుతుంటే అది బ్రౌనియన్ చలనం, అంటే చుట్టూ ఉన్న ద్రవం అణువులు తగలడం వల్ల వచ్చే కదలిక, ఈత కాదు. అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతుంటే ద్రవం పారుతోందన్నమాట. కొత్తగా చేరిన టెక్నీషియన్లు తడబడేది ఇక్కడే. తలోదిక్కుకీ పరుగెడితేనే ఈత. కలరా విబ్రియో అయితే చూస్తుండగానే దూసుకుపోతుంది, సరైన యాంటీసీరం (ఆ క్రిమి మీద యాంటీబాడీలున్న ద్రవం) కలపగానే ఆగిపోతుంది. నిమిషాల్లో అనుమానం బలపడుతుంది, నిర్ధారణ మాత్రం కల్చర్‌తోనే.

అపోహ: కదిలే క్రిములే ప్రమాదం.

టీబీ క్రిమి ఈదదు. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా ఈదదు. న్యుమోనియా తెచ్చే క్లెబ్సియెల్లా కూడా అంతే. కలుషిత ఆహారంతో వచ్చే లిస్టీరియా అనే బ్యాక్టీరియాది ఇంకో వింత: 25 డిగ్రీల దగ్గర పల్టీలు కొడుతూ ఈదుతుంది, 37 దగ్గర దాదాపు కదలదు. ఇంక్యుబేటర్లో పెట్టిందొక్కటే చూస్తే పొరపడతాం.

అపోహ: ఇక తోక మీద రక్తపరీక్షతో పేగు జబ్బులన్నీ తేలిపోతాయి.

ఆశ పెట్టుకోవడానికి ఆధారమైతే ఉంది. తోక తయారయ్యే ప్రోటీన్ ఫ్లాజెల్లిన్. పేగుల్లోని బ్యాక్టీరియాకు చెందిన సీబీఐఆర్1 అనే ఫ్లాజెల్లిన్ మీద యాంటీబాడీలు క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) వ్యాధిగ్రస్తుల్లో సుమారు సగం మందిలో ఉన్నట్టు 2004లో బయటపడింది. అంటే మిగతా సగం మందిలో లేవు. కొలనోస్కోపీ, బయాప్సీల బదులు దీన్ని పెట్టలేం. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ ఒకేలా కనిపించి డాక్టర్లను తికమక పెడుతుంటాయి, ఆ చిక్కుముడిని ఈ ఒక్క పరీక్షే విప్పలేదు.