సహచరులకు ముందుగా రాసిపెట్టే ఆజ్ఞలు

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు,

ఆశీస్సులు. మొన్న వేసవి సెలవుల్లో మీరు ఫైనల్ ఫాంటసీ 12 అనే వీడియో గేమ్ ఆడుతూ, అందులో వైద్యం చేయవలసిన సహచరి, పక్కన నాయకుడు కుప్పకూలుతున్నా పట్టించుకోకుండా ఆయుధం పట్టుకొని శత్రువు మీదికి పోతోందని విసుక్కోవడం చూశాను. ఆమెకు బొత్తిగా తెలివి లేదన్నారు. నిజానికి ఆమె మీరు రాసిచ్చిన ఆజ్ఞనే పొల్లుపోకుండా పాటించింది. ఆ మాట అప్పుడే చెబుదామనుకున్నాను గాని, భోజనాల వేళ కావడంతో కుదరలేదు.

2006లో ప్లేస్టేషన్ 2 అనే ఆట యంత్రం కోసం వచ్చిన ఆ ఆటలో ముగ్గురు కలిసి పోరాడతారు. ముగ్గురికీ ప్రతి దెబ్బా, ప్రతి మంత్రమూ ఆడేవాళ్లే చెప్పవలసి వస్తే చేతికి ఊపిరాడదు కనుక, గాంబిట్ అనే ఏర్పాటు పెట్టారు. ఒక్కొక్క గాంబిట్ ఒక చిన్న వాక్యం వంటిది: ఎవరు ఏ స్థితిలో ఉన్నారన్నది మొదటి సగం, అప్పుడు ఏం చేయాలన్నది రెండో సగం. ‘ప్రాణశక్తి సగానికి తగ్గిన మిత్రుడు ఉంటే, గాయం మాన్పే క్యూర్ మంత్రం వేయి’ అన్నది అటువంటిదే. ఇటువంటి వరుసలు ఒక్కొక్కరికి 12 వరకు రాయవచ్చు. సహచరి తన పని ఎంచుకునేటప్పుడు జాబితాను పైనుంచి చదువుతూ వచ్చి, ఏ షరతు మొదట నిజమైతే ఆ పని చేస్తుంది. దాని కింద ఉన్నవాటిని ఇక చూడదు.

మీరు ‘శత్రువు ఎవరున్నా కొట్టు’ అన్నదాన్ని పైన పెట్టి, వైద్యాన్ని దాని కింద పెట్టారు. ఎదుట ఒక్క శత్రువు మిగిలి ఉన్నంతసేపూ పై షరతు నిజమే కాబట్టి ఆమె చూపు రెండో వరుసకు దిగే అవకాశమే లేదు. రెండు ఆజ్ఞలూ మంచివే, వరుస ఒక్కటే తప్పింది. ఎప్పుడూ నిజమయ్యే షరతును అట్టడుగుకు దింపి, అరుదుగా నిజమైనా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదాన్ని పైకి తీసుకురండి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది మరొకటి. ఈ సహచరులకు జ్ఞాపకం లేదు. నిమిషం క్రితం ఏం చేశారో వారికి తెలియదు, ఇప్పుడు కంటికి కనిపించేదే తెలుసు. అటువంటప్పుడు ‘పోరాటం మొదట్లో శత్రువు దగ్గర వస్తువు దొంగిలించు, తర్వాత మానెయ్యి’ అని ఎలా చెప్పాలి? ‘శత్రువు ప్రాణశక్తి నూటికి నూరు ఉంటే దొంగిలించు’ అని రాస్తే చాలు, ఎందుకంటే ఎవరో ఒకరి దెబ్బ తగలగానే ఆ అంకె తగ్గిపోయి, ఆ వరుస తనంతట తానే మూగబోతుంది. జ్ఞాపకం చేయవలసిన పనిని శత్రువు ఒంటి మీది గాయం చేస్తుంది. ఈ కిటుకు అర్థమైన రోజు నేను చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను.

వైద్యులు ఇద్దరుంటే ఇంకో చిక్కు ఉంది. ఇద్దరికీ ఒకే షరతు రాస్తే, ఒక్క మిత్రుడికి గాయమైనా ఇద్దరూ ఒకేసారి మంత్రం వేసి శక్తి వృథా చేస్తారు. ఒకరికి 70 శాతం, రెండోవారికి 40 శాతం అని హద్దు మార్చి రాస్తే, పెద్ద ఆపద వచ్చినప్పుడే రెండోవారు కదులుతారు.

ఇలా రాసుకునే వీలు అన్ని ఆటల్లోనూ లేదు. 1990లో జపానులో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 4 ఐదో అధ్యాయంలో నాయకుడికి తప్ప మిగతావారికి నేరుగా ఆజ్ఞ ఇవ్వడం కుదరదు. స్థూలంగా ఒక వ్యూహం చెప్పి ఊరుకోవాలి. అందులోని పూజారి క్లిఫ్ట్, పెద్ద శత్రువుల మీద ఏమాత్రం పనిచేయని మరణ మంత్రాన్నే పదేపదే వేసి అపఖ్యాతి తెచ్చుకున్నాడు. అతడు తప్పు చేస్తున్నాడని కళ్లెదుట కనిపిస్తున్నా దిద్దడానికి ఆడేవారి చేతిలో ఏమీ లేకపోవడమే అక్కడి బాధ. తర్వాతి కాలపు పునర్నిర్మాణాల్లో నేరుగా ఆజ్ఞాపించే వీలు కల్పించారు. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో కూడా గాంబిట్ల వంటి వరుసలే ఉన్నాయి, మీ అన్నయ్య దగ్గర ఆ ఆట ఉంది, అడిగి చూడండి.

ఆజ్ఞలన్నీ రాసిపెడితే ఆట తనంతట తానే ఆడుకుంటుందని, ఇక మనకు పనేముందని మీలో పెద్దవాడు అడిగాడు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. పని పోలేదు, పోరాటం మధ్య నుంచి పోరాటానికి ముందుకు జరిగింది. రాబోయే ఆపదను ఊహించి షరతు రాయడం, అది తప్పిన చోట జాబితా తెరిచి ఏ వరుస అడ్డుపడిందో వెతకడం నాకు ఆటలోకెల్లా ఇష్టమైన భాగం. పైగా మీరు స్వయంగా ఇచ్చే ఆజ్ఞ ఎప్పుడూ గాంబిట్ కన్నా ముందే అమలవుతుంది.

దసరాకు వచ్చేటప్పుడు ముగ్గురి జాబితాలూ నోటు పుస్తకంలో రాసుకుని తీసుకురండి. వైద్యం చేసే అమ్మాయి జాబితాతో మొదలుపెడదాం.

మీ తాతయ్య