డాలర్ పని అయిపోయిందా? ఫీజు కట్టేవాళ్ల కోసం కొన్ని అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ మారకం) కౌంటర్ నాది. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, పిల్లల్ని విదేశాల్లో చదివించే తల్లిదండ్రులు వాట్సాప్ మెసేజ్ చూపించి అడుగుతారు: "డాలర్ పడిపోతుందటగా సార్, ఫీజు ఇప్పుడే పంపమంటారా, ఆగమంటారా?"

అపోహ: దేశాలన్నీ డాలర్‌ను వదిలేస్తున్నాయి, కాబట్టి మనకు చవకవుతుంది.

వాస్తవం: ఈ రెంటికీ ముడిపెట్టకండి. కేంద్ర బ్యాంకులు దాచుకునే విదేశీ కరెన్సీ నిల్వల్లో, అంటే రిజర్వుల్లో, డాలర్ వాటా తగ్గిన మాట నిజమే. 2000లో 70 శాతం పైన ఉండేది, 2024 నాటికి 58 శాతం దగ్గరికి వచ్చింది. మరి మన రేటు? 2000 చివర్లో డాలర్ 47 రూపాయల లోపే. 2024 చివరికి 85 దాటింది. మన రేటును నడిపేవి అమెరికా వడ్డీ రేట్లు, మనం కొనే ముడి చమురు ధర, మన ద్రవ్యోల్బణం, విదేశీ పెట్టుబడుల రాకపోకలు.

2022 ఏప్రిల్‌లో ఒక రైతు వచ్చారు. కొడుకు ఐ-20 (వీసా కోసం అమెరికా కాలేజీ ఇచ్చే పత్రం) చేతిలో ఉంది, లోన్ శాంక్షన్ అయింది, కట్టాల్సింది 12 వేల డాలర్లు. రేటు 76 దగ్గర ఉంది. రష్యా రిజర్వులను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక "డాలర్ కుప్పకూలుతుంది" అనే వీడియోలు ఊరూరా తిరుగుతున్న రోజులవి. ఆగుతానన్నారు. జులైలో రేటు 80 తాకింది. దాదాపు 48 వేలు అదనం. లోన్ ఇచ్చింది రూపాయల్లో కాబట్టి ఆ తేడాకు చేబదులు తెచ్చుకున్నారు. విదేశాలకు డబ్బు పంపే ఫారం ఎ2 మీద సంతకం పెడుతూ కూడా ఆయన చూపు రేటు కాగితం మీదే ఉంది. పొలం తాకట్టు పెట్టిన మనిషికి టెన్షన్ ఉండదా? ఆ భయంతో వ్యూస్ సంపాదించుకునే వాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నేను చెప్పేది ఒకటే. గడువు తేదీ చూసుకోండి, మొత్తాన్ని రెండు మూడు విడతలుగా పంపండి, లోన్ అడిగేటప్పుడే రేటు పెరుగుదలకు కొంత కలిపి అడగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డాలర్ వెనుక బంగారం ఉందా? 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్లకు బదులు బంగారం ఇచ్చే పద్ధతి ఆపేశారు. సౌదీతో 50 ఏళ్ల పెట్రోడాలర్ ఒప్పందం 2024 జూన్‌లో ముగిసిందా? చమురును డాలర్లలోనే అమ్మాలనే అలాంటి ఒప్పందమే లేదు, అది వట్టి పుకారు. బ్రిక్స్ (బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాల కూటమి) ఉమ్మడి కరెన్సీ? 2023 జొహానెస్‌బర్గ్ సమావేశంలోనూ రాలేదు. విదేశాలతో రూపాయల్లో వ్యాపారానికి రిజర్వ్ బ్యాంక్ 2022 జులైలో దారి తెరిచింది, మంచిదే. కానీ మన బ్యాంకుల్లో తమకు పోగైన రూపాయలను వాడుకోవడం సమస్యగా ఉందని మరుసటి ఏడాది గోవాలో రష్యా విదేశాంగ మంత్రి లావ్‌రోవే అన్నారు.

భీమవరం రొయ్యల ఎగుమతిదారులది దీనికి పూర్తిగా ఎదురు నమ్మకం: డాలర్ ఎప్పుడూ పెరుగుతుందని. కానీ 2007లో అది 44 రూపాయల నుంచి 39కి దిగింది. బిల్లు డాలర్లలో ఉంటే, పేమెంట్ తేదీకి ఫార్వర్డ్ కవర్ (ఆ రోజు రేటును ముందే బ్యాంకుతో ఖాయం చేసుకోవడం) తీసుకోండి.