ఫాదర్ టెడ్‌ను ఆర్‌టీఈ కాదన్నదా?

డబ్లిన్‌లో కామెడీ సీరియళ్లకు ఎడిటింగ్ చేస్తానని తెలిస్తే చాలు, ప్రతివారూ నాకు ఒకటే కథ చెబుతారు.

అపోహ: చర్చి ఫాదర్ల మీద తీసిన కామెడీ సీరియల్ "ఫాదర్ టెడ్"ను ఐర్లండ్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఆర్‌టీఈ వద్దంది, అందుకే అది లండన్ వెళ్లింది.

వాస్తవం: వద్దనాలంటే ముందు ఎవరైనా అడగాలి కదా! రచయితలు గ్రాహమ్ లైన్‌హన్, ఆర్థర్ మాథ్యూస్ అప్పటికే లండన్‌లో ఉన్నారు. హ్యాట్ ట్రిక్ నిర్మాణ సంస్థతో కలిసి తీశారు, 1995లో బ్రిటన్ టీవీ ఛానల్ అయిన ఛానల్ 4లో వచ్చింది. ఆర్‌టీఈ గడప ఆ స్క్రిప్టు తొక్కనే లేదు. అసలు గొడవ వేరు. టెడ్‌గా వేసిన డెర్మట్ మోర్గన్ అంతకుముందు రేడియోలో "స్క్రాప్ సాటర్‌డే" అనే రాజకీయ వ్యంగ్యం చేసేవాడు. దాన్ని 1991లో ఆర్‌టీఈ ఆపేసింది. జనం ఈ రెంటికీ ముడివేశారని నా అనుమానం. పైగా 1980లలో, ఫాదర్ల ఇంట్లో వంటావార్పూ చూసే ఆవిడ మీద ఆర్‌టీఈ స్వయంగా "లీవ్ ఇట్ టు మిసెస్ ఓబ్రయన్" తీసి చీవాట్లు తింది. 1970లలో అదే ఆర్‌టీఈ "హాల్స్ పిక్టోరియల్ వీక్లీ" అనే టీవీ వ్యంగ్య కార్యక్రమంలో ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసిందంటే మాత్రం ఎవరూ నమ్మరు.

ఊసుపోక చెప్పుకునే కబురైతే నాకెందుకు? గుంటూరు నుంచి చదువుకు వచ్చిన ఒక కుర్రాడు స్క్రిప్టు రాశాడు. అద్దె ఇంట్లో కుక్కర్ కూత విని ఇంటావిడ అగ్నిప్రమాదం అనుకుని వీధిలోకి పరుగెడుతుంది. చదివి పడీపడీ నవ్వాను. రెండేళ్లుగా దాచాడట, క్లిప్పు తుప్పు మరక నాలుగో పేజీ దాకా దిగింది. "అన్నా, ఫాదర్ టెడ్‌నే కాదన్నవాళ్లు నన్ను చదువుతారా?" అన్నాడు. పుకారు మీద మండిపోయింది, వాడి మీద జాలి వేసింది.

మిగతా అపోహలు చకచకా. "ఫాదర్ టెడ్"లో వినబడే నవ్వులన్నీ తర్వాత అతికించినవా? కాదు, టెడ్ ఇంటి సన్నివేశాలు లండన్ స్టూడియోలో ప్రేక్షకుల ఎదుటే తీశారు. "మిసెస్ బ్రౌన్స్ బాయ్స్" అనే మరో ఐరిష్ కామెడీ కూడా గ్లాస్గోలో అలాగే తీస్తారు, నటులు మాట తడబడి నవ్వేసిన ముక్కలనూ ఉంచేస్తారు (నేను అలా ఉంచితే ఊరుకుంటారా!). విమర్శకులు తిడితే అంతేనా? "మిసెస్ బ్రౌన్స్ బాయ్స్"ను తిట్టిపోశారు, 2012లో ఉత్తమ సిట్‌కామ్ (కామెడీ సీరియల్)గా బ్రిటన్‌వాళ్ల బాఫ్టా అవార్డు దానికే వచ్చింది. "డెర్రీ గర్ల్స్" అనే కామెడీ సీరియల్ ఆర్‌టీఈది కాదు, ఛానల్ 4ది. డెర్రీ ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ కింద, మ్యాపు చూసుకోండి.

కుర్రాడి స్క్రిప్టు ఒక నిర్మాణ సంస్థకు పంపించాను. తీసుకోలేదు. కుక్కర్ సన్నివేశం నచ్చిందని, రెండో ఎపిసోడ్ ఉంటే పంపమని రాశారు. ఉందా అని వాడిని అడిగాను.

"రేపటికల్లా ఉంటుందన్నా" అన్నాడు.