ఆగమని చెప్పే కణాలు

పిల్లలూ,

“ఇమ్యూనిటీ పెంచుతుంది” అని రాసున్న డబ్బాలు మీరు చూసే ఉంటారు. రోగనిరోధక శక్తి ఎంత ఉంటే అంత మంచిదన్న నమ్మకం మీదే వాటి అమ్మకాలన్నీ. కానీ టైప్ 1 డయాబెటిస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేది మన రోగనిరోధక కణాలే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్లను పాడుచేసేదీ అవే. అక్కడ తక్కువైంది బలం కాదు, అదుపు. 2025 వైద్య నోబెల్ ఆ అదుపు గుట్టు విప్పినవాళ్లకే దక్కింది.

రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టి కణాలు ఎముక మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో ఎదుగుతాయి. సొంత ప్రోటీన్లను గట్టిగా పట్టుకునేవి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. అయినా కొన్ని తప్పించుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలోనూ అవి తిరుగుతూనే ఉంటాయి. మరి అందరికీ జబ్బు ఎందుకు రాదు?

జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో దీనికి జవాబు చూపించారు. చిట్టెలుక టి కణాల్లోంచి సీడీ25 అనే ప్రోటీన్ ఉన్నవాటిని తీసేసి, మిగతావాటిని థైమస్ లేని మరో చిట్టెలుకకు ఎక్కించారు. దాని థైరాయిడ్, జీర్ణాశయం వంటి అవయవాలు దెబ్బతిన్నాయి. తీసేసినవాటిని ఆలస్యం కాకుండా ఎక్కిస్తే జబ్బు రాలేదు. వీటినే రెగ్యులేటరీ టి కణాలు, పొట్టిగా టి-రెగ్‌లు అంటున్నాం.

ఈ అదుపు వెనకున్న జన్యువు సంగతి తేల్చింది అమెరికా శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్. స్కర్ఫీ అనే జాతి చిట్టెలుకల్లో మగపిల్లలు కొన్ని వారాలకే చనిపోతాయి. అంటే లోపం ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉందన్నమాట. వెతుకులాటను సుమారు ఐదు లక్షల అక్షరాల డీఎన్‌ఏ ముక్కకు, అందులోని 20 జన్యువులకు కుదించారు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్తే దొరికింది ఇరవయ్యోది! దాని పేరు ఫాక్స్‌పి3. టి-రెగ్‌లు తయారవ్వాలంటే ఈ జన్యువు ఉండాల్సిందే. అది చెడితే మనుషుల్లో ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుందని 2001లో తేలింది. ఎక్కువగా పసి మగపిల్లలకే వస్తుంది: ఆగని విరేచనాలు, ఎగ్జిమా, డయాబెటిస్.

ఇక టి-రెగ్‌లను పట్టుకోవడం ఎలాగో చూడండి. ముందు రక్తంలోంచి టి కణాల్ని వేరుచెయ్యాలి. 15 మిల్లీలీటర్ల రక్తంలో అంతే సెలైన్ కలిపి, గొట్టంలో ముందే పోసిన 15 మిల్లీలీటర్ల ఫైకాల్ ద్రవం మీద మెల్లగా, రెండూ కలిసిపోకుండా పోయాలి. గది వేడిమిలోనే, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో 400 జి (భూమి ఆకర్షణకు 400 రెట్ల) బలంతో అరగంట తిప్పాలి. ఎర్రకణాలు అడుక్కి చేరతాయి, టి కణాలు మధ్యలో సన్నని తెల్లపొరగా నిలుస్తాయి. సెంట్రిఫ్యూజ్ బ్రేక్ ఆపెయ్యడం మరిచారా, చివర్లో కుదుపుకి ఆ పొర చెదిరిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు చేసే పొరపాటు ఎక్కువగా ఇదే.

అసలు చిక్కు ఆ తర్వాత. టి-రెగ్‌లకు అసలు గుర్తు ఫాక్స్‌పి3 జన్యువు చేసే ప్రోటీన్, అది కణకేంద్రకంలో ఉంటుంది. దానికి రంగు అంటించాలంటే కణానికి రంధ్రాలు చెయ్యాలి, కణం చస్తుంది. చచ్చిన కణం వైద్యానికి పనికిరాదు. పోనీ పైన కనిపించే సీడీ25ని చూద్దామంటే, రెచ్చిపోయిన మామూలు టి కణం మీద కూడా కొన్నాళ్లు అది ఉంటుంది. అందుకే సీడీ25 ఎక్కువగా, సీడీ127 అనే మరో పైప్రోటీన్ తక్కువగా ఉన్నవాటిని ఏరతారు. సీడీ4 అనే ప్రోటీన్ ఉన్న రకం టి కణాల్లో ఇవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే.

సీడీ25 ఉత్త గుర్తు కాదు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే ఎదుగుదల సంకేతాన్ని అందుకునే గ్రాహకంలో అదొక భాగం. టి-రెగ్‌లు ఆ సంకేతాన్ని పీల్చేసుకుని పక్క కణాలకు అందకుండా చేస్తాయి. ఇది వాటి పనుల్లో ఒకటి మాత్రమే. దీన్నిబట్టే చిన్న మోతాదులో ఇంటర్‌ల్యూకిన్-2 ఇచ్చి టి-రెగ్‌లను పెంచే ప్రయోగాలు సాగుతున్నాయి. పెద్ద మోతాదులో ఇదే మందు దాడిచేసే కణాల్ని లేపుతుంది, అందుకే మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడారు. క్యాన్సర్‌లో లెక్క తిరగబడుతుంది: చాలా గడ్డలు టి-రెగ్‌లను చుట్టూ చేర్చుకుని దాక్కుంటాయి, అక్కడ అదుపు సడలించాలి.

రోగి సొంత టి-రెగ్‌లను బయట పెంచి తిరిగి ఎక్కించడం మరో దారి. పాత్రలో మామూలు టి కణాలు నాలుగు మిగిలినా అవే త్వరగా పెరిగి నిండిపోతాయి. వాటిని అణచడానికి రాపమైసిన్ అనే మందు కలుపుతారు. పైగా వాపు ఉన్నచోట కొన్ని టి-రెగ్‌లు ఫాక్స్‌పి3ని పోగొట్టుకుని, తామే దాడికి దిగగలవు. అందుకే ఎక్కించేముందు కొన్ని కణాల్ని పక్కకు తీసి, వాటికి రంధ్రాలు చేసి, ఫాక్స్‌పి3 ఇంకా ఉందో లేదో చూస్తారు.